ముడి రబ్బరు ఎంత సేపట్లో ఉడుకుతుంది, ఎంత బిగుస్తుంది: విశాఖ వర్క్‌షాపుల కోసం పరీక్షల సమగ్ర మార్గదర్శి

"అన్నా, పోయిన లాటుకి ప్రెస్‌లో ఎనిమిది నిమిషాలు సరిపోయింది. ఈ లాటుకి అదే టైము పెడితే పీసు మెత్తగా వస్తోంది. కెమికల్స్ మార్చలేదు, టెంపరేచర్ మార్చలేదు. తేడా ఎక్కడుంది?" గాజువాక ఆటోనగర్‌లో బుష్‌లు, గాస్కెట్లు పోసేవాళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. పోర్టు పనులకు ఫెండర్ ప్యాడ్లు చేసేవాళ్లూ ఇదే అడుగుతారు, ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ విద్యార్థులూ ఇదే అడుగుతారు. తేడా ముడి రబ్బరులో ఉండొచ్చు. ఉందో లేదో తేల్చే పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క షరతు మొదట్లోనే పెట్టుకోండి. పరీక్షించేది ముడి రబ్బరును కాబట్టి రబ్బరు ఒక్కటే మారాలి. గంధకం, జింక్ ఆక్సైడ్, మిల్లు, మనిషి, వేడి, ఆరబెట్టే టైము ఏవీ మారకూడదు. అవి మారాయేమో తెలుసుకోవడానికి, గుణం ముందే తెలిసిన రబ్బరుతో ఒక కంట్రోల్ బ్యాచ్ ప్రతిసారీ పక్కనే నడవాలి. కంట్రోల్ లేకుండా తీసిన అంకెతో సప్లయర్‌తో వాదనకు దిగకండి. ఆ అంకె నిలబడదు.

## 1. ఏది కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

రబ్బరు "గట్టిపడింది" అన్నప్పుడు అది రెండు వేరువేరు సంగతుల్లో ఏదైనా కావచ్చు.

మొదటిది, ఏ కెమికల్ కలపకుండానే బేలు గోడౌన్‌లో పడి ఉండి గట్టిపడటం. దీన్ని స్టోరేజ్ హార్డెనింగ్ అంటారు. రబ్బరు అణువుల గొలుసులు తమలో తాము ముడిపడటం దీనికి కారణం. దీన్ని ప్లాస్టిసిటీ, మూనీ పరీక్షలతో (నొక్కినప్పుడు, తిప్పినప్పుడు రబ్బరు ఎంత ఎదురు నిలుస్తుందో చూసేవి) కొలుస్తారు.

రెండోది, గంధకం కలిపి వేడిచేశాక వచ్చే బిగువు, అంటే క్యూరింగ్. ఇది ఎంత త్వరగా మొదలవుతుందో, ఎప్పటికి పూర్తవుతుందో రియోమీటర్ చెబుతుంది. ఉడికిన షీటును సాగదీయడానికి ఎంత బలం కావాలో మాడ్యులస్ పరీక్ష చెబుతుంది.

మొదటిది ఎక్కువగా ఉన్నంత మాత్రాన రెండోది ఎక్కువగా ఉండాలని లేదు. బేలు కత్తికి లొంగనంత గట్టిగా ఉండి, ఉడికాక మాడ్యులస్ మామూలుగానే రావచ్చు. అందుకే రెండూ చేయాలి. ముడి రబ్బరు పరీక్షలు ముందు, క్యూరింగ్ పరీక్షలు తర్వాత.

## 2. పని మొదలుపెట్టే ముందు సిద్ధంగా ఉండాల్సినవి

- రెండు రోలర్ల ల్యాబ్ మిల్లు. అత్యవసరంగా ఆపే బార్ పనిచేస్తోందో లేదో ఆ రోజే నొక్కి చూడాలి
- రెండు తూకాలు: రబ్బరుకు 1 గ్రాము వరకు, గంధకం, యాక్సిలరేటర్లకు (క్యూరింగ్‌ను వేగం చేసే కెమికల్స్) 0.01 గ్రాము వరకు చూపేవి
- కంట్రోల్ రబ్బరు: ఒకే లాటు నుంచి తీసి, చిన్న ముక్కలుగా పాలిథీన్‌లో సీలు చేసి, చల్లని చీకటి చోట దాచింది
- పరీక్షల కోసమే విడిగా ఉంచిన గంధకం, జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్, ఎంబీటీ అనే యాక్సిలరేటర్. ప్రొడక్షన్ డబ్బాలోంచి గరిటెతో తీసినవి పనికిరావు
- రియోమీటర్, పాలిస్టర్ ఫిల్మ్
- 2 మిల్లీమీటర్ల మందం షీటు పోసే అచ్చు, డంబెల్ కట్టర్ (సాగదీసే పరీక్షకు ముక్కలు కోసేది), మందం కొలిచే గేజ్
- సిలికా జెల్, మూత గట్టిగా పట్టే డబ్బాలు
- రోలర్ వేడి చూసే థర్మామీటర్
- గోడకు వేలాడే తేమ మీటరు

ఆఖరిదాన్ని చాలామంది కొనరు. విశాఖలో అది తప్పనిసరి. సముద్రపు గాలి వల్ల ఉదయం పొడిగా ఉన్న పౌడర్ సాయంత్రానికి ఉండకట్టే రోజులు ఉంటాయి. రియోమీటర్ గీసే కర్వ్‌లో తేడా కనిపించినప్పుడు ఆ రోజు తేమ ఎంతో రాసి ఉంటే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

మిల్లు దగ్గర చేతి గడియారం, గాజులు, చున్నీ, వదులు చేతుల చొక్కా ఉండకూడదు. రోలర్ల మధ్యకు చేత్తో తోయకూడదు. ఒంటరిగా మిల్లు నడపకూడదు. ఇవి కొత్తవాళ్లకే కాదు, పాతవాళ్లకూ వర్తిస్తాయి.

## 3. శాంపిల్ తీయడం

కేరళ నుంచి లారీలో వచ్చే ఐఎస్‌ఎన్‌ఆర్ (భారత ప్రమాణం ప్రకారం గ్రేడు చేసిన సహజ రబ్బరు) బేలైనా, మారేడుమిల్లి, రంపచోడవరం వైపు నుంచి వచ్చే షీటు రబ్బరైనా ఒక మూల చెక్కి తీసిన ముక్క మొత్తం లాటుకు సాక్ష్యం కాదు.

1. లాటులో కనీసం ఐదు బేళ్లు ఎంచుకోండి. లారీ తలుపు దగ్గర అందుబాటులో ఉన్న ఐదు కాదు, పైన, మధ్యన, అడుగున ఉన్నవి.
2. బేలు పైపొర, దానికి అంటిన పాలిథీన్, టాల్కు తీసేయండి.
3. ఎదురెదురు మూలల నుంచి, మధ్య నుంచి ముక్కలు కోయండి. కత్తికి నూనె రాయకండి.
4. ప్రతి బేలు ముక్కలనూ వేరుగా సీలు చేసి లాటు నంబరు, తేదీ, బేలు నంబరు రాయండి. ఐదింటినీ అప్పుడే కలపకండి. ఒక బేలు తేడాగా ఉంటే కలిపాక అది దొరకదు.

షీటు రబ్బరైతే ఒక పని చేయండి. షీటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకోండి. బాగా ఆరిన షీటు తేనెరంగులో, వెలుతురు దాటేలా ఉంటుంది. ఆరనిచోట పాలచుక్క పడ్డట్టు తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అక్కడ అడ్డంగా కోస్తే పైన గోధుమరంగు, లోపల తెల్లటి గీత. అది నీరు. అలాంటి ముక్కను పరీక్షకు పంపితే క్యూరింగ్ తేడా రబ్బరు గుణం వల్ల వచ్చిందో తేమ వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆరబెట్టి మళ్లీ తీయండి, లేదా ఆ సంగతి రిపోర్టులో రాసి లాటునే వెనక్కి పంపండి.

ఐఎస్‌ఎన్‌ఆర్ రకాలకు ఆవిరయ్యే పదార్థం 0.80 శాతం దాటకూడదు. వేడి ఓవెన్, మంచి తూకం ఉంటే ఈ పరీక్ష మీరే చేసుకోవచ్చు.

## 4. శాంపిల్‌ను ఒకే తీరుగా చేయడం

బేలులో ఒకచోట గట్టిగా, ఇంకోచోట మెత్తగా ఉంటుంది. కాబట్టి పరీక్షకు ముందు 250 గ్రాముల ముక్కను మిల్లులో సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల సందులో 10 సార్లు దాటించాలి. ప్రతిసారీ చుట్టగా చుట్టి, చుట్ట కొనను రోలర్ల మధ్యకు పెట్టాలి.

పదిసార్లే. పన్నెండు కాదు, ఎనిమిది కాదు. మిల్లులో దాటిన ప్రతిసారీ గొలుసులు కొంత తెగి రబ్బరు మెత్తబడుతుంది. శాంపిల్‌కు పది, కంట్రోల్‌కు పదిహేను అయితే అక్కడే పోలిక చెడింది. రోలర్ల వేడి కూడా రెండింటికీ ఒకటే ఉండాలి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో మిల్లు ఖాళీగా ఉన్నా వేడెక్కి ఉంటుంది. అందుకని మొదటి శాంపిల్ వేసే ముందు నీళ్ల లైను తిప్పి, వేడి కుదురుకున్నాకే మొదలుపెట్టండి.

## 5. ముడి రబ్బరు గట్టిదనం: ప్లాస్టిసిటీ, పీఆర్‌ఐ, మూనీ

ప్లాస్టిసిటీ. ఒకే తీరుగా చేసిన రబ్బరును పలుచని షీటుగా తీసి, రెండు పొరలు వేసి, సుమారు 3.4 మిల్లీమీటర్ల మందం వచ్చేలా నొక్కి, పంచ్‌తో చిన్న బిళ్లలు కోస్తారు. వాలెస్ ప్లాస్టిమీటర్‌లో 100 డిగ్రీల దగ్గర బిళ్లను 1 మిల్లీమీటర్‌కు నొక్కి 15 సెకన్లు వేడెక్కనిస్తారు. ఆ తర్వాత 100 న్యూటన్ల బరువు 15 సెకన్లు. చివర మిగిలిన మందాన్ని మిల్లీమీటరులో నూరోవంతుల్లో చదివితే అదే పీ0. మూడు బిళ్లలు చేసి మధ్య విలువ తీసుకోండి, సగటు వద్దు. ఒక బిళ్లలో గాలి బుడగ ఉంటే సగటును లాగేస్తుంది, మధ్య విలువను లాగలేదు.

పీఆర్‌ఐ. వేడి తగిలాక ప్లాస్టిసిటీ ఎంత నిలుస్తుందో చెప్పే అంకె ఇది. ఇంకో మూడు బిళ్లల్ని 140 డిగ్రీల ఓవెన్‌లో సరిగ్గా 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, మళ్లీ ప్లాస్టిసిటీ చూస్తారు. వేడిచేశాక వచ్చిన విలువను పీ0తో భాగించి వందతో గుణిస్తే పీఆర్‌ఐ. ఐఎస్‌ఎన్‌ఆర్ 5కు కనీసం 60, ఐఎస్‌ఎన్‌ఆర్ 10కి 50, ఐఎస్‌ఎన్‌ఆర్ 20కి 40 ఉండాలి. పీ0 మూడింటికీ కనీసం 30.

పీఆర్‌ఐ తక్కువగా ఉంటే ఆ రబ్బరు వేడికి, గాలికి త్వరగా జావగారే రకం. రాగి, మాంగనీసు లాంటి లోహాల మలినం, ఎండలో ఎక్కువ సేపు ఆరబెట్టడం, సరిగా కడగకపోవడం దీనికి మామూలు కారణాలు. స్టీలు ప్లాంటు, పోర్టు పనుల్లో వేడి తగిలే భాగాలకు రబ్బరు కొనేవాళ్లు ఈ అంకెను తప్పక అడగాలి. తక్కువ ధరకు వచ్చిన లాటులో చాలాసార్లు లోపం ఇక్కడే బయటపడుతుంది.

మూనీ. 100 డిగ్రీల దగ్గర పెద్ద రోటర్‌తో, ఒక నిమిషం వేడెక్కనిచ్చి నాలుగు నిమిషాలు తిప్పి, చివరి విలువ రాయాలి. రోటర్ నిమిషానికి 2 సార్లు తిరుగుతుంది. రోటర్‌కు పైన ఒకటి, కింద ఒకటి ముక్కలు పెట్టాలి. గుంటలో ఖాళీ మిగిలితే విలువ తక్కువ చూపిస్తుంది. మూనీ లేకపోతే పీ0తోనే పని నడిపించవచ్చు.

నిల్వలో ఇంకెంత గట్టిపడుతుంది? బిళ్లల్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఉన్న సీలు డబ్బాలో 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి మళ్లీ ప్లాస్టిసిటీ చూస్తారు. పెరుగుదల 8 యూనిట్ల లోపు ఉంటే స్థిర స్నిగ్ధత రకం (నిల్వలో పెద్దగా గట్టిపడనిది) అని నమ్మొచ్చు. పొడి వాతావరణంలో ఈ గట్టిపడటం వేగంగా జరుగుతుంది, అందుకే ఆ పౌడర్. అది నీటితో తీవ్రంగా చర్య జరుపుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. ఫ్యూమ్ హుడ్, గ్లౌజులు, కళ్లద్దాలు లేనిచోట ఈ పరీక్ష పెట్టుకోవద్దు. చిన్న షాపులు దీన్ని ల్యాబ్‌కు పంపించడమే మంచిది.

## 6. టెస్ట్ మిక్స్ తయారీ

మీ ప్రొడక్షన్ కాంపౌండ్‌తో ముడి రబ్బరును పరీక్షించకండి. అందులో కార్బన్ బ్లాక్, ఆయిల్, రిక్లెయిమ్ (పాత రబ్బరు నుంచి తీసింది) కలిసి రబ్బరులోని తేడాను కప్పేస్తాయి. ఇందుకోసం ఏసీఎస్1 అనే గమ్ ఫార్ములా (కార్బన్ బ్లాక్ లేనిది) ఉంది. 442 గ్రాముల బ్యాచ్‌కు లెక్క ఇది:

- ముడి రబ్బరు: 400 గ్రాములు
- జింక్ ఆక్సైడ్: 24 గ్రాములు
- గంధకం: 14 గ్రాములు
- స్టియరిక్ యాసిడ్: 2 గ్రాములు
- ఎంబీటీ: 2 గ్రాములు

వంద పాళ్ల రబ్బరుకు 6, 3.5, 0.5, 0.5 అన్నమాట. ఇందులో యాక్సిలరేటర్ తక్కువ. కాబట్టి రబ్బరులో సహజంగా ఉండే ప్రోటీన్లు, ఆమ్లాలు, ఇతర పదార్థాల ప్రభావం కర్వ్‌లో బయటపడుతుంది. టీబీబీఎస్ అనే యాక్సిలరేటర్ వాడే, కార్బన్ బ్లాక్ కలిపే ఫార్ములా కూడా ఉంది, కానీ ఆ తేడాలు అందులో ఇంత స్పష్టంగా కనిపించవు. "ఈ రబ్బరు ఎందుకు తేడాగా ఉడుకుతోంది" అన్నదే ప్రశ్న అయితే ఏసీఎస్1 పట్టుకోండి.

గంధకం, ఎంబీటీ తూకంలో 0.02 గ్రాము కన్నా తేడా రాకూడదు. ఎంబీటీ ఉన్నదే 2 గ్రాములు. అందులో 0.1 గ్రాము పొరపాటంటే ఐదు శాతం.

మిల్లు మీద వరుస:

1. రోలర్లు 70 డిగ్రీలకు, ఐదు డిగ్రీలు అటూ ఇటూ. సందు తగ్గించి రబ్బరును ముందు రోలర్ మీద పట్టీగా పట్టనివ్వండి. మొదట చిరుగులు చిరుగులుగా తిరుగుతుంది, గాలి బుడగలు టపటపమని పగులుతాయి. ఆ చప్పుడు తగ్గి పట్టీ నునుపయ్యాక తర్వాతి అడుగు.
2. స్టియరిక్ యాసిడ్ వేయండి. అది కరిగి కలిసిపోయేదాకా పక్కల నుంచి కోసి మడవండి.
3. జింక్ ఆక్సైడ్‌ను పట్టీ పొడవునా చల్లండి. ఒకేచోట కుమ్మరిస్తే తెల్లటి ఉండలుగా ఉండిపోతుంది. ట్రేలో రాలినదంతా ఏరి మళ్లీ వేయండి.
4. ఎంబీటీ.
5. చివరికి గంధకం. ఇక్కడి నుంచి వేడి పెరగనివ్వకండి, ఆలస్యం చేయకండి.
6. రెండు వైపుల నుంచి మూడేసి సార్లు, పట్టీ వెడల్పులో ముప్పావు దాకా కోసి మడవండి.
7. పట్టీ తీసి, సందు బిగించి, చుట్టగా చుట్టి నిలువుగా ఆరుసార్లు దాటించండి.
8. సుమారు 6 మిల్లీమీటర్ల షీటుగా తీసి వెంటనే తూచండి.

ఆ ఎనిమిదో అడుగు చాలామంది వదిలేస్తారు. 442 గ్రాములు వేసి 438 వచ్చిందంటే దాదాపు ఒక శాతం గాలికో ట్రేకో పోయింది. పోయింది ఏమిటో తెలియదు. 0.5 శాతం కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బ్యాచ్ పక్కన పడేయండి. దాన్ని కాపాడుకోవాలని చూస్తే ఆ రోజంతా తప్పు అంకెల వెంట తిరగాల్సి వస్తుంది.

శాంపిల్ బ్యాచ్, కంట్రోల్ బ్యాచ్ ఒకే మనిషి, ఒకే పూట, ఒకే వరుసలో కలపాలి. గోడ గడియారం చూసి ప్రతి అడుగుకు పట్టిన నిమిషాలు రాసుకోండి.

## 7. మిక్స్‌కు విశ్రాంతి, విశాఖ తేమ

కలిపిన షీటును కనీసం 2 గంటలు, ఎక్కువలో ఎక్కువ 24 గంటలు ఉంచి పరీక్షించాలి. మిల్లు మీద నలిగిన రబ్బరు కుదురుకోవడానికి ఈ టైము కావాలి.

ఆ గంటల్లో బల్ల మీద తెరిచి పెట్టకండి. గమ్ మిక్స్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పెరిగితే స్కార్చ్ టైము (ఉడకడం మొదలయ్యే ముందు ఉండే వ్యవధి) తగ్గుతుంది. తెరిచి ఉంచిన ముక్క ముందుగా ఉడకడం మొదలైతే మీరు దాన్ని రబ్బరు గుణమని రాసేస్తారు. పాలిథీన్‌లో చుట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో మూతపెట్టండి. జూలై నుంచి అక్టోబర్ దాకా ఇందులో రాజీ వద్దు. ఏసీ గది ఉన్నంత మాత్రాన సరిపోదు, రాత్రి ఏసీ ఆపేస్తే తేమ మళ్లీ లోపలికి వస్తుంది.

జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్ డబ్బాలకూ ఇదే పద్ధతి.

## 8. రియోమీటర్ నడపడం

ఇప్పుడు ఎక్కువ ల్యాబుల్లో ఉన్నది రోటర్ లేని ఎండీఆర్ రకం. డై 0.5 డిగ్రీల కోణంలో, సెకనుకు 1.67 సార్లు అటూ ఇటూ కదులుతూ ముక్క ఎంత ఎదురు తిరుగుతోందో టార్క్‌గా (తిప్పడానికి కావాల్సిన బలం) చూపిస్తుంది. పాత ఓడీఆర్‌లో లోపలి డిస్కు అటూ ఇటూ ఊగుతుంది, కోణం 1 లేదా 3 డిగ్రీలు. ఈ రెండు మెషీన్ల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సప్లయర్ రిపోర్టులో ఏ మెషీనో, ఏ కోణమో రాయకపోతే అడిగి తెలుసుకోండి.

1. 150 డిగ్రీలకు సెట్ చేసి, డైలు మూసి కనీసం అరగంట కుదురుకోనివ్వండి.
2. షీటు నుంచి ముక్క కోసి తూచండి. ఎండీఆర్‌కు సాధారణంగా 4 నుంచి 5 గ్రాములు. మీ మెషీన్ మాన్యువల్ ఎంత చెబితే అంత, ప్రతిసారీ అంతే.
3. పైనా కిందా పాలిస్టర్ ఫిల్మ్ వేసి డై మధ్యలో పెట్టండి.
4. వెంటనే మూయండి. డై తెరిచి ఉన్న ప్రతి సెకను వేడి పోతుంది.
5. 30 నిమిషాలు నడవనివ్వండి. టార్క్ ఇంకా పెరుగుతుంటే 60 నిమిషాలకు మార్చండి, అప్పుడు కంట్రోల్‌కూ 60 నిమిషాలే.
6. తీశాక ముక్క చుట్టూ సన్నని అంచు పొంగి ఉండాలి. ఒకవైపు అంచు లేదంటే ముక్క తక్కువైంది, ఆ కర్వ్ లెక్కలోకి రాదు.
7. ఒక్కో బ్యాచ్‌కు రెండు ముక్కలు. వాటి టీ90 (90 శాతం బిగువు రావడానికి పట్టే టైము) ఐదు శాతం కన్నా తేడాగా ఉంటే మూడోది.

వేడి సంగతి మళ్లీ చెప్పాలి. క్యూరింగ్ వేగం 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. అంటే ఒక్క డిగ్రీ తేడాకు టైము దాదాపు ఏడు శాతం మారుతుంది. ఎండాకాలం ఓల్టేజ్ ఊగిసలాడే చోట స్టెబిలైజర్ లేకుండా రియోమీటర్ నడపడం దండగ. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఆ ముక్క తీసి పారేయండి. డై అరగంట కుదురుకున్నాక కొత్త ముక్కతో మొదలుపెట్టండి.

## 9. కర్వ్ చదవడం

కర్వ్ మొదట కిందికి దిగుతుంది, ఎందుకంటే రబ్బరు వేడెక్కి మెత్తబడుతోంది. అడుగున కాసేపు ఆగి, పైకి లేచి, చివరికి బల్లపరుపవుతుంది లేదా కిందికి వాలుతుంది. దాని నుంచి నాలుగు అంకెలు రాయాలి.

- ఎంఎల్: అతి తక్కువ టార్క్. ఉడకని మిక్స్ ఎంత గట్టిగా ఉందో చెబుతుంది.
- టీఎస్2: ఎంఎల్ నుంచి టార్క్ 2 యూనిట్లు పెరగడానికి పట్టిన టైము. ఉడకడం మొదలయ్యే ముందు మీకున్న వ్యవధి. గమ్ మిక్స్‌లో మొత్తం పెరుగుదలే తక్కువ కాబట్టి టీఎస్1 చూడటం మేలు.
- ఎంహెచ్: అతి ఎక్కువ టార్క్. ఎంహెచ్, ఎంఎల్‌ల తేడా క్యూరింగ్ వల్ల వచ్చిన బిగువుకు గుర్తు.
- టీ90: బిగువులో 90 శాతం రావడానికి పట్టిన టైము.

టీ90 లెక్కలో ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది: ఎంహెచ్‌కు 90 శాతం తీసుకోవడం. అది తప్పు. ఎంఎల్ 0.6, ఎంహెచ్ 5.6 అనుకోండి. తేడా 5.0, అందులో 90 శాతం 4.5. దానికి ఎంఎల్ కలిపితే 5.1. కర్వ్ 5.1ని తాకిన నిమిషమే టీ90. చేత్తో గ్రాఫ్ చదివేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఈ అంకెల అర్థం. కంట్రోల్‌తో పోల్చి చూడాలి.

ఎంఎల్ మాత్రమే ఎక్కువ, టీ90 మామూలు: రబ్బరు నిల్వలో గట్టిపడింది. పీ0 కూడా ఎక్కువగానే ఉండాలి. ప్రొడక్షన్‌లో మిల్లు మీద ఇంకొంచెం నలిపితే సరిపోతుంది, లాటు వెనక్కి పంపనక్కర్లేదు.

టీ90 ఎక్కువ, ఎంహెచ్ తక్కువ: రబ్బరు పాలను గడ్డకట్టించేటప్పుడు యాసిడ్ ఎక్కువ పోసి సరిగా కడగని రబ్బరు ఇలా చేస్తుంది. ఆమ్లం క్యూరింగ్‌ను నెమ్మదిస్తుంది. షీటు రబ్బరులో ఇది సాధారణం. మొదట్లో అడిగిన "ఎనిమిది నిమిషాలకు మెత్తగా వస్తోంది" అన్న ప్రశ్నకు నేను ముందు చూసే చోటు ఇదే.

టీఎస్, టీ90 రెండూ తక్కువ: స్కిమ్ రబ్బరు (రబ్బరు పాలను చిక్కబరిచాక మిగిలే పలుచని పాల నుంచి తీసేది) కలిసిందేమో చూడాలి. అందులో ప్రోటీన్ ఎక్కువ, అది ఎంబీటీని తొందరపెడుతుంది. నైట్రోజన్ పరీక్షలో 0.6 శాతం దాటితే అనుమానం బలపడినట్టే. గడ్డకట్టిన రబ్బరును చాలా రోజులు నిల్వ ఉంచి ఆడించినా వేగం పెరుగుతుంది. తేమను కూడా కొట్టిపారేయకండి.

కర్వ్ పైకెళ్లి కిందికి వాలుతోంది: రివర్షన్, అంటే వచ్చిన బిగువు మళ్లీ తగ్గడం. గంధకం ఎక్కువున్న సహజ రబ్బరు మిక్స్‌లో ఇది ఉండేదే. కంట్రోల్ కన్నా వేగంగా వాలితేనే పట్టించుకోవాలి. అప్పుడు పీఆర్‌ఐ మళ్లీ చూడండి.

శాంపిల్‌తో పాటు కంట్రోల్ కూడా పక్కదారి పట్టింది: రబ్బరును వదిలేయండి. తూకం, వేడి, కెమికల్స్ చూడండి.

## 10. షీటు ఉడికించి మాడ్యులస్ తీయడం

రియోమీటర్ టార్క్ బిగువుకు గుర్తు మాత్రమే. కొనేవాడికి కావాల్సింది మెగాపాస్కల్స్‌లో మాడ్యులస్.

2 మిల్లీమీటర్ల షీటును 140 డిగ్రీల దగ్గర 20, 30, 40, 60 నిమిషాల చొప్పున నాలుగు ఉడికించండి. ఒకే టైముకు ఉడికించిన షీటుతో సరిపెడితే రబ్బరు నెమ్మదైనదా, అసలు బలహీనమైనదా అన్నది తేలదు. నాలుగు ఉంటే నెమ్మదైనది 60 నిమిషాల దగ్గర కంట్రోల్‌ను అందుకుంటుంది, బలహీనమైనది అందుకోదు.

ప్రెస్ నుంచి తీయగానే షీటును నీళ్లలో వేసి చల్లార్చండి, లేకపోతే ఉడకడం కొనసాగుతుంది. తర్వాత కనీసం 16 గంటలు ఆగండి. ఆ రోజే లాగి చూడాలన్న తొందర వద్దు.

డంబెల్స్‌ను మిల్లు దిశలోనే కోయండి. ఒక్క దెబ్బకు కోయాలి. కట్టర్ అంచు మొద్దుబారితే పక్కన సన్నని చీలిక పడి అక్కడి నుంచే తెగుతుంది. మధ్య భాగంలో మూడు చోట్ల మందం కొలిచి మధ్య విలువ రాయండి. నిమిషానికి 500 మిల్లీమీటర్ల వేగంతో లాగి 100 శాతం, 300 శాతం సాగినప్పటి బలం చదవండి.

వెడల్పు 6, మందం 2 మిల్లీమీటర్లయితే వైశాల్యం 12 చదరపు మిల్లీమీటర్లు. 300 శాతం దగ్గర బలం 27.6 న్యూటన్లు వచ్చిందనుకోండి, 12తో భాగిస్తే మాడ్యులస్ 2.3 మెగాపాస్కల్స్. మందం 2 అనుకుని లెక్కేస్తే, నిజంగా 1.8 ఉన్నప్పుడు పది శాతం తప్పు వస్తుంది. అందుకే గేజ్ పక్కన పెట్టకండి.

షోర్ ఏ గట్టిదనం చూడాలంటే 6 మిల్లీమీటర్ల మందం కావాలి. మూడు షీట్లు పేర్చి, అంచుకు 12 మిల్లీమీటర్లు లోపల నొక్కండి.

## 11. రియోమీటర్ లేని షాపుకు దారి

ప్రెస్, కట్టర్, స్కేలు, 600 గ్రాముల తూకపు రాయి ఉంటే చాలు.

1. టెస్ట్ మిక్స్, కంట్రోల్ మిక్స్ పైన చెప్పినట్టే కలిపి, ఒకే ప్రెస్‌లో 140 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉడికించండి.
2. మరుసటి రోజు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవు పట్టీలు కోయండి. మందం 2 మిల్లీమీటర్లు.
3. మధ్యలో సరిగ్గా 50 మిల్లీమీటర్ల దూరంలో రెండు సన్నని గీతలు గీయండి.
4. పై కొన బిగించి, కింది కొనకు 600 గ్రాములు మెల్లగా వేలాడదీయండి. అది చదరపు సెంటీమీటరుకు 5 కిలోల లెక్క.
5. ఒక నిమిషం ఆగి గీతల మధ్య దూరం చదవండి.

87 మిల్లీమీటర్లయితే 37 సాగింది, అంటే 74 శాతం. శాంపిల్ కంట్రోల్ కన్నా ఎక్కువ సాగితే బిగువు తక్కువ. మందం తేడా ఉంటే బరువు కూడా ఆ నిష్పత్తిలో మార్చాలి. 1.8 మిల్లీమీటర్ల పట్టీకి 540 గ్రాములు.

దీంతో స్కార్చ్ టైము తెలియదు. కానీ లాటు నుంచి లాటుకు బిగువు మారిందా అన్నదానికి ఇది నిఖార్సయిన జవాబు ఇస్తుంది. చిన్న షాపులు ఖరీదైన మెషీన్ కోసం ఎదురుచూస్తూ అసలు ఏ పరీక్షా చేయకుండా ఉండటం నాకు బాధ కలిగించే విషయం.

## 12. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

షీటు మీద మర్నాటికి తెల్లటి పొడి. గంధకం పైకి తేలింది. సరిగా కలవలేదు, లేదా తక్కువ ఉడికింది. ఉడికించే టైము పెంచి చూడండి, పోకపోతే మళ్లీ కలపండి.

షీటులో బుడగలు. తేమ, లేదా ప్రెస్ ఒత్తిడి చాలలేదు. మొదటి నిమిషంలో రెండు మూడుసార్లు ప్రెస్ తెరిచి మూసి గాలి వదలండి.

ఒకే బ్యాచ్‌లో ఒక ముక్క త్వరగా, ఇంకోటి ఆలస్యంగా. ఎంబీటీ సరిగా చెదరలేదు. నిలువుగా ఆరుసార్లు దాటించడం మానేసి ఉంటారు.

కర్వ్ మొదట్లోనే పైకి లేస్తోంది. మిక్స్ మిల్లు మీదే ఉడకడం మొదలైంది. రోలర్ల వేడి, గంధకం వేశాక పట్టిన టైము చూడండి.

ఎంహెచ్ రోజురోజుకూ మెల్లగా తగ్గుతోంది, కంట్రోల్‌లో కూడా. డై మీద రబ్బరు పేరుకుంది, లేదా సీళ్లు అరిగాయి. ఇత్తడి గరిటెతో శుభ్రం చేసి కాలిబ్రేషన్ చూడండి. ఇనుప బ్లేడుతో గీకకండి.

## 13. ఫలితాన్ని ప్రెస్ టైముగా మార్చడం

ఏసీఎస్1లో వచ్చిన టీ90ని నేరుగా ప్రెస్‌కు పెట్టకూడదు, మీ కాంపౌండ్ వేరు. శాంపిల్ టీ90ని కంట్రోల్ టీ90తో భాగించండి. 1.15 వచ్చిందంటే ఈ లాటు పదిహేను శాతం నెమ్మది అని అర్థం. అప్పుడు మీ ప్రొడక్షన్ కాంపౌండ్‌ను ఈ రబ్బరుతో ఒక చిన్న బ్యాచ్ కలిపి, ప్రెస్ వేడి దగ్గరే రియోమీటర్ నడిపి దాని టీ90 తీసుకోండి. యాక్సిలరేటర్ బాగా ఉన్న కాంపౌండ్‌లో ఆ పదిహేను శాతం ఐదుకు తగ్గిపోవచ్చు.

పీసు మందం 6 మిల్లీమీటర్లు దాటితే, దాటిన ప్రతి మిల్లీమీటరుకు సుమారు ఒక నిమిషం కలపడం షాపుల్లో వాడే లెక్క. ఫెండర్ ప్యాడ్ లాంటి మందపు సరుకుకు అది చాలదు. మొదటి పీసును మధ్యకు కోసి, లోపల గోరుతో నొక్కి, షోర్ ఏ చూసి నిర్ణయించండి. టైము పెంచేముందు ప్రెస్ వేడి పెంచాలనిపిస్తుంది. సహజ రబ్బరుకు అలా చేస్తే పైపొర రివర్షన్‌లోకి జారి, లోపల పచ్చిగా మిగులుతుంది.

ప్రతి లాటుకు రిజిస్టరులో రాయాల్సినవి:

- సప్లయర్, రకం, లాటు నంబరు, వచ్చిన తేదీ, బేళ్ల సంఖ్య
- పరీక్ష తేదీ, గదిలో వేడి, తేమ
- పీ0, పీఆర్‌ఐ
- కెమికల్స్ లాటు నంబర్లు, మిక్స్ వేసిన, తీసిన బరువు
- రియోమీటర్ రకం, వేడి, కోణం
- శాంపిల్, కంట్రోల్‌ల ఎంఎల్, ఎంహెచ్, టీఎస్, టీ90, వాటి నిష్పత్తి
- 100, 300 శాతం మాడ్యులస్, ఒక్కో క్యూరింగ్ టైముకు
- కలిపినవారు, పరీక్షించినవారి సంతకాలు

శాంపిల్‌లో మిగిలిన అరకిలో రబ్బరును సీలు చేసి, ఆ లాటుతో చేసిన సరుకు మొత్తం కస్టమర్‌కు చేరి బిల్లు తీరేదాకా దాచండి.